ఏడో వరస చలువ గదులు

భరణి కార్తె, మూడో రోజు

ఎండ డ్యూటీ దిగాక తాడుకొకళ్ళు ఈ డైరీ రాయాలని రూలు. మా తాడుకి ఇద్దరం, సైదమ్మత్తా నేనూ. అత్తంటే చుట్టరికం ఏం లేదు, పనిలో చిన్నోళ్ళందరం అట్టాగే పిలుస్తాం. కొలువులో చేరిన మొదటిరోజే ఈ డైరీని నా మొహాన పడేసి, "చదువుకున్నదానివి, నువ్వే రాసుకోవే ఏస్తేరూ" అంది. ఆఫీసులో దీన్ని తెరిచి చూసే నాథుడు లేడని తెలిశాక నాకూ భయం పోయింది. నోటికొచ్చింది రాస్తన్నా.

మధ్యాన్నం సుడిగాలి లేచి పైనున్న కరెంటు అద్దాల మీద సున్నపు దుమ్ము పోసి పోయింది. మా తాడు, ఇంకో పది తాళ్ళ వాళ్ళం వెళ్ళి తుడిచాం. అద్దం మసకబారితే కరెంటు పడిపోయిద్ది, కరెంటు పడిపోతే కింద ఫ్యాన్లు ఆగుతాయి, ఫ్యాన్లు ఆగితే లోవూరు మొత్తం ఆవిరికుడుములాగా ఉడికిపోయిద్ది. మా తాతల కాలంలో ఇది నాపరాయి గని అంట. ఇప్పుడు పైన బతకలేక ఊరు ఊరంతా ఇందులోకే దిగి, ఒకదాని కింద ఒకటిగా ఏడు వరసల్లో ఉంటంది. తుడవడానికి ఒకప్పుడు మరమనుషుల్ని పెట్టారంట. రోహిణి ఎండకి అవి పడిపోయాయి. మనిషి పడిపోతే జతమనిషి మోసుకొస్తది, వాటిని మోసేదెవరు? అందుకని మళ్ళీ మమ్మల్నే పిలిచారు.

దుమ్ములో పక్కమనిషి కనపడదు గాబట్టి ఇద్దరి నడుములకీ ఒకటే తాడు. నా నీళ్ళ క్యాను అత్త నడుముకి, అత్త క్యాను నా నడుముకి. ఎవరి నీళ్ళు వాళ్ళు మోసుకోవడం మా ఎండ సిబ్బందిలో తప్పు. దాహమైతే "నీళ్ళు" అని అడగాలి, అవతలి మనిషి వచ్చి తాగించాలి. కొత్తలో నాకు చిరాకేసేది. తర్వాత అర్థమైంది, దీనివల్ల ఏ మనిషీ పక్కమనిషిని వదిలేసి నీడకి పరిగెత్తలేదు.

కిందకొచ్చేసరికి మైకులో ఎన్నికల ఫలితాలు. సభకి కొత్తోళ్ళు గెలిచారు. మా రెండో వరస నుంచి చారుమతి అనే ఆమె. పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషి, చిన్న వయసే. అత్త ముఖం కడుక్కుంటా "ఎవరైతే ఏందే, దుమ్ము మనమే తుడవాలి" అంది.

భరణి, ఆఖరు రోజుల్లో

దుమ్ము మనమే తుడవాలి నిజమే, కానీ ఎవరైతే ఏంది అన్నది మాత్రం తప్పయింది. చారుమతి గారు సభలో మొట్టమొదట పెట్టిన బిల్లు మా మీదే.

ఎండలో ఇరవై ఏళ్ళు చేసినోళ్ళకి ఏడో వరసలో చలువ గది ఇస్తారు. చచ్చేదాకా వాళ్ళదే. అన్నిటికన్నా అడుగున ఉండే వరస అది. రాతిగోడలోంచి ఊట చెమర్చి, ఫ్యాను లేకుండానే చల్లగా ఉంటది. కొలువు మానడాన్ని మేం "దిగడం" అనేది అందుకే. ఇదేదో దర్జా కోసం ఇచ్చేది కాదు. అన్నేళ్ళు ఎండలో మాడిన ఒంటికి చెమట పట్టడం ఆగిపోయిద్ది. చెమట పట్టని మనిషి రెండో వరస ఉక్కలో ఒక్క రోహిణి కూడా గట్టెక్కలేదు.

ఇప్పుడు కొత్త బిల్లు ఏమంటదంటే, ఓటింగు రోజు కొలువు ఆఫీసు మూసేలోపు దిగినోళ్ళకి గది ఖాయం. ఆ తర్వాత దిగేవాళ్ళకి గది లేదు, "చలువ వంతు" ఇస్తారు. ఆ యేడు ఏడో వరసలో చోటు మిగిలితే కొన్నాళ్ళు ఉండే వంతు, మిగలకపోతే చేతులు దులుపుకుని పొమ్మంటారు.

అత్తకి ఇరవై ఏళ్ళు ఎప్పుడో నిండాయి. ఆమెకి చెమట ఆగిపోయి కూడా చాన్నాళ్ళయింది. నాకు తెలుసు, నేను పక్కనే ఉంటా గదా. రేపే దిగొచ్చు. నాదంటారా, నేను చేరి రెండేళ్ళు. నా గది సంగతి దేవుడెరుగు.

కృత్తిక కార్తె, రెండో రోజు

పెద్దోళ్ళంతా బారులు తీరి దిగిపోతన్నారు. తప్పుపట్టను. ఇన్నేళ్ళు చేసింది ఆ గది కోసమే, కళ్ళముందే తలుపు మూస్తామంటే ఎవరాగుతారు? పోతా పోతా ఒక్కొక్కళ్ళు నా తల నిమిరి, మొహం చాటేసుకుని పోయారు.

చిక్కల్లా ఏందంటే, కొత్తమనిషి ఇంకో కొత్తమనిషితో తాడు కట్టకూడదు. ఒక పాతమనిషి ఉండాల్సిందే. పాతోళ్ళు దిగేకొద్దీ కొత్తోళ్ళు జత లేక కింద కూర్చుంటన్నారు. తాళ్ళు సగం కూడా మిగల్లా. ఇవాళ తూర్పు అద్దాల జోలికే పోలేకపోయాం. సాయంత్రానికి మా వరసలో ఫ్యాన్లు మూలుగుతా తిరిగాయి. పక్కింటి చంటిదానికి ఒళ్ళంతా చెమటకాయలు, ఒకటే ఏడుపు.

అత్తతో పెద్ద గొడవేసుకున్నా.

"రేపు ఆఫీసుకి పోయి దిగిపో అత్తా."

"నేను దిగితే నీ జత ఎవరే?"

"నా సంగతి నీకెందుకు? కింద కూర్చుని వత్తులు చేసుకుంటా."

"మీ ఇంట్లో దేవుడి దీపం లేదుగా, వత్తులెందుకు?" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏడుస్తన్నా ఈమెకి పరాచికాలు.

"రోహిణి దాటగలవా నువ్వు? నీ చెయ్యి పట్టుకుంటే పెనంలాగా కాలతంది. నాకు తెలీదనుకున్నావా?"

ఆ మాటకి చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "పైకెళ్ళే తాళ్ళు వేళ్ళ మీద లెక్కెట్టేటన్ని ఉన్నాయి. మనది కూడా తెగితే దక్షిణం అద్దాలన్నీ దుమ్ముకొట్టుకుపోతాయి. ఆ చంటిది నిద్రపోవాలా వద్దా? వానలు పడనీ, దిగుతాలే."

వానలు పడేటప్పటికి ఓటింగు అయిపోయి గది పోయిద్ది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఇట్టాంటి మొండిమనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళా. తిట్టాలని కూర్చున్నా గానీ, ఏం రాయను, దణ్ణం పెట్టాలనిపిస్తంది.

కృత్తిక, సగం దాటాక

ఇవాళ విశేషం. చారుమతి గారు మాతో పైకొచ్చారు.

లిఫ్టు కాడ మమ్మల్ని ఆపి, "మీ పని ఒకసారి చూడాలండి" అన్నారు. ఓట్ల కోసం ఫొటో దిగి పోయే రకమనుకున్నా. అత్త మాత్రం ఏం ఎగతాళి చెయ్యకుండా ఎండకోటు తొడిగి, తాడు మధ్యలో మూడో ముడి వేసింది. చారుమతి గారి నడుముకి మంచునీళ్ళ సీసా ఉంది. అత్త దాన్ని విప్పి తన నడుముకి కట్టుకుని, నా నడుమునున్న తన క్యాను తీసి ఆమె నడుముకి కట్టింది.

"ఇదేంటండీ? నా నీళ్ళు మీ దగ్గరెందుకు?"

"పైన ఇట్టాగేనమ్మా. దాహమైతే అడుగు, ఇస్తా. నాకు దాహమైతే అడుగుతా, నువ్విద్దువు."

అద్దాల నడుమ ఉండగా దుమ్ము లేచింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. తాడు బిగుసుకుపోయి ముగ్గురం మూడు చోట్ల ఇరుక్కున్నాం. నాకు చారుమతి గారి దగ్గు వినపడతంది. ఆమె నడుముకి నిండు క్యాను ఉంది, మూత తిప్పి తాగితే చూసేదెవరు? నేనైతే మొదటిరోజు తాగేశాను. పనిలోకొచ్చిన వాళ్ళందరూ మొదటిరోజు తాగేస్తారు. ఆ తప్పు చెయ్యని మనిషి మా సిబ్బందిలో లేదు.

దుమ్ము సర్దుకున్నాక పాక్కుంటా పోయి చూశాం. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పెదాలు పగిలి నెత్తురు. క్యాను రెండు చేతులతో పొట్టకి హత్తుకుని ఉంది, ఒక్క చుక్క తగ్గలా. "నీళ్ళు" అని అడగడానికి కూడా గొంతు రాక చేత్తో సైగ చేసింది. అత్త గబగబా తాగించింది. ఆమె బిల్లు వల్ల నా నోట్లో మట్టి పడతంది, అయినా సరే, ఆ క్షణం నాకు ఆమె మీద గౌరవం పుట్టిందని రాయకపోతే అబద్ధమయిద్ది.

నీడ కొట్టంలో కూలబడ్డాక ఆమే మొదలెట్టారు. "సైదమ్మ గారూ, మీ మీద కక్షతో చెయ్యలేదు. ఇప్పుడు దిగేవాళ్ళతో ఏడో వరసలో గదులు అయిపోతాయి. కొత్తవి తవ్వితే ఊట తగిలి ఉన్నవి కూడా మునిగిపోతాయి. లేని గదిని ఈ పిల్లకి ఇస్తామని చెప్పి ఇరవై ఏళ్ళు ఎండలో తిప్పడం మోసం కాదా?"

నేను ఆమె మొహంలోకి పరీక్షగా చూశా. అప్పటిదాకా మాకు నిజం చెప్పిన నాయకులు ఎవరూ లేరు మరి.

అత్త వేలితో నేల మీద ఒక గది గీసింది. "గది లేదు. సరేనమ్మా. ఉన్న గదిలో ఇంకో మంచానికి చోటు లేదా?"

"ఒక్కో గదికి ఇద్దరా? ఆ లెక్కన మీ తరవాతి తరం దాకా సరిపోతుంది. కానీ దిగినవాళ్ళు ఒప్పుకుంటారా?"

"అడిగావా?"

"అడగలేదు."

"అడుగు మరి. ఓట్లు పెట్టుకున్నది అందుకే గదా."

రోహిణి కార్తె, మొదటి రోజు

చారుమతి గారు అత్త మాట విన్నారు. సభలో సొంత పార్టీవాళ్ళు గోల చేసినా వినకుండా ఓటు చీటీలో రెండు గళ్ళు పెట్టించింది. ఒకటి "తేదీ", అంటే ముందు దిగినోళ్ళకి గది, తర్వాతోళ్ళకి వంతు. రెండోది "జత", అంటే అందరికీ గది ఖాయం, కానీ గదికి ఇద్దరు, ఇప్పుడున్నోళ్ళతో సహా.

కొలువు చట్టం ఏదైనా కొలువు చేసినోళ్ళ ఓటు దాటాలి. పనిలో ఉన్నోళ్ళం గుప్పెడు మందిమి, దిగినోళ్ళు వరసకి వరస. "తేదీ"కి ఓటేస్తే వాళ్ళకి పోయేది ఏం లేదు. "జత"కి వేస్తే సగం గది పోయిద్ది. ఇంక చెప్పేదేముంది? మా కుర్రకారంతా నవ్వుకుని వదిలేశారు.

నేను మాత్రం ఊరుకోలేక ఏడో వరసకి పోయి అడిగా. ముందుగా గురవమ్మవ్వ గదికే పోయా. అత్త కొలువులో చేరినప్పుడు ఆమెకి పని నేర్పిన మొదటి జత ఈ అవ్వే. ఆమె ఒప్పుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకుంటారని నా ఆశ.

లోపలికి రమ్మనైనా అనలా. గది నట్టనడుమ మంచం, దాని మీద మహారాణిలాగా కూర్చుని నన్ను దులిపేసింది.

"నీ వయసంత కాలం ఇంకో మనిషి నడుముకి కట్టేసుకుని బతికానే. తుమ్మినా దగ్గినా తాడు లాగేది. చివరికాలంలో అయినా ఒంటరిగా కాళ్ళు చాపుకుందామంటే, ఇక్కడికీ తాడు తెచ్చావా? పో అవతలికి!"

"మా అత్తకి గది పోయిద్దవ్వా."

"దాన్ని దిగొద్దన్నానా నేను? మొండిముండ! దిగమను!"

ఆ తిట్టులో ప్రేమే ఉంది గానీ, ప్రేమ ఓటు పెట్టెలో పడదుగా. బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చా. నిజానికి అవ్వ మాటా న్యాయమే. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

రోహిణి, ఓటింగు రోజు

ఇప్పుడే రాస్తా, రేపటికి ఏదన్నా మర్చిపోతానేమో.

పొద్దున ఏడో వరసలో ఓట్లు పడ్డాయి. మేమూ వేసొచ్చాం. సాయంత్రం లెక్క, లెక్క మొదలయ్యే ముందు కొలువు ఆఫీసు మూసేస్తారు. మధ్యాన్నం అన్నం తిన్నాక అత్త చెయ్యి పట్టుకుని ఆఫీసుకి లాక్కెళ్ళా. "వంద మాటలొద్దు, లోపలికి పోయి దిగుతున్నా అని ఒక్క మాట చెప్పిరా. ఇవాళ నా మాట వినకపోతే నీ మొహం చూడను" అన్నా. ఏ కళనుందో, సరేనంది. గుమ్మంలో కాలు పెట్టింది.

సైరను మోగింది. దక్షిణం నుంచి దుమ్ము.

అత్త గుమ్మంలోనే ఆగి ఆఫీసులోకి చూసింది, లిఫ్టు వైపు చూసింది. దిగుతున్నానన్న మాట నోట్లోంచి వచ్చాక ఆమె పైకి పోకూడదు. నేను గుంజుతానే ఉన్నా. "వచ్చాక చెబుదాంలేవే" అని చెయ్యి విడిపించుకుంది. వచ్చేసరికి ఆఫీసు ఉండదని తెలిసే ఆ మాట అంది. ఏం చెయ్యను, ఆమె లేకుండా నేను పోకూడదు, మేం పోకపోతే ఊరు ఉడికిపోయిద్ది. తిట్టుకుంటానే తాడు కట్టుకున్నా.

ఇంత ఎండ నేనెప్పుడూ ఎరగను. అద్దాలన్నీ తుడిచాం. ఆఖరు అద్దం కాడ తాడు ఒక్కసారిగా బరువెక్కింది. తిరిగి చూస్తే అత్త కింద పడుంది. కళ్ళు తేలేసింది, ఒళ్ళు పొయ్యిలోంచి తీసినట్టుంది, ఒక్క చెమట బొట్టు లేదు. ఆమె నీళ్ళన్నీ ఆమె మీదే పోసి, భుజానేసుకుని లిఫ్టు దాకా ఎట్టా వచ్చానో నాకే తెలీదు.

మూడో వరస ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి తల అడ్డంగా ఊపింది. "మందుతో తగ్గేది కాదమ్మా. ఒళ్ళు చల్లబడాలి. ఇక్కడి గాలే వేడిగా ఉంది. ఏడో వరసకి తీసుకుపో, వెంటనే."

"ఆమెకి గది లేదండి."

డాక్టరమ్మ పోయి చక్రాల బల్ల తెచ్చిచ్చింది.

లిఫ్టు నడిపేది పేరయ్య మామ. రూలంటే ప్రాణం ఆయనకి. వచ్చిపోయేవాళ్ళ సంగతి వేరు, గది లేని మనిషిని ఉండటానికి ఏడో వరసకి దింపితే ఉద్యోగం ఊడిద్ది. బల్ల మీద అత్తని చూశాడు, గోడ మీద రూల్స్ చూశాడు. "రూలు రాసినోడు రేపొచ్చి నన్ను అడుగుతాడులే" అని మీట నొక్కాడు. దిగుతున్నంతసేపూ కండువా తడిపి అత్త నుదుటి మీద అద్దుతానే ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. నడవా అంతా ముసలోళ్ళు. నేను బతిమాలడానికి మాటలు కూడగట్టుకుంటన్నా. "ఒక్క రాత్రికి, ఒక మూల చాలు" అనబోయా. అప్పుడు చూశా, తలుపులన్నీ బార్లా తెరిచున్నాయి. ఏ గదిలో చూసినా మంచం గోడకి ఆనించి ఉంది. గదికి సగం చోటు ఖాళీగా, చిమ్మి, నీళ్ళు చల్లి పెట్టారు. కొందరైతే రెండో మంచానికి నులక కూడా బిగించేశారు. ఓట్ల లెక్క ఇంకా పైన నడుస్తానే ఉంది.

"ఇటు తీసుకురావే, మా గది ఊటకి దగ్గర" అంటదొకామె. "నీ గురకకి బతికున్న మనిషి కూడా చస్తది, మా గదికి తే" అంటది ఇంకొకామె. బల్లని అటొకళ్ళు ఇటొకళ్ళు గుంజుతన్నారు. గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చా.

గుంపుని మోచేతులతో నెట్టుకుంటా గురవమ్మవ్వ వచ్చింది. "ఏడుపు తర్వాత. కాళ్ళ వైపు పట్టుకో" అంది.

ఆమె గదికే తీసుకెళ్ళాం. నట్టనడుమ ఉండే మంచం మూలకి పోయింది. రెండో మంచం ఊటగోడకి ఆనించి ఉంది, మంచి చోటు అదే. పొద్దున ఓటేసి రాగానే జరిపిందంట, పక్క గదామె చెప్పింది. అత్తని పడుకోబెట్టాం. తడిగుడ్డలు చుట్టి, గోడ నీళ్ళు దోసిట పట్టి అరికాళ్ళ మీద పోస్తా కూర్చుంది అవ్వ.

"నువ్వు వేసింది జతకా అవ్వా?"

"నోర్మూసుకుని విసురు."

విసురుతానే ఉన్నా. చేతులు పడిపోతన్నా ఆపలా. చాలాసేపటికి అత్త ఊపిరి నెమ్మదించింది. చెయ్యి పట్టుకుంటే కాలడం తగ్గింది. కళ్ళు కాస్త తెరిచి, గోడ చూసింది, పక్క మంచం చూసింది, అవ్వని చూసింది.

"నువ్వా?" అంది, గొంతు పీలగా. "ఇంకా అట్టాగే గురక పెడతన్నావా?"

అవ్వ మొహం తిప్పుకుంది, కళ్ళు తుడుచుకోడానికి. అత్త మళ్ళీ కళ్ళు మూసింది. ఈసారి నిద్ర, నిజం నిద్ర. నా జన్మలో ఇంత మందిని ఒక్కరోజు ఇంతగా ఇష్టపడింది లేదు. ఇట్టాంటోళ్ళ మధ్య ఇంకో పద్దెనిమిదేళ్ళు ఎండలో మాడమన్నా మాడతాను.

అప్పుడు నడవాలో మైకు గరగరమంది. చారుమతి గారి గొంతు. సంతోషం పట్టలేక ఆమెకి మాట తడబడతంది. "అందరికీ నమస్కారం. లెక్క పూర్తయింది. గెలిచింది జత..."

గురవమ్మవ్వ గుమ్మంలోకి పోయి, కాలి చెప్పు తీసి మైకు మీదికి గిరాటేసింది.

"ఆ గోల కట్టెయ్యండ్రా! మనిషి ఇప్పుడే పడుకుంది!"